బరువు మోసే వేట బ్యాగు – 4వ పాఠం: జారే బెల్టు, పనిచేయని పై పట్టీలు

ఈ పాఠంలో మాంసం మూటను ఫ్రేముకు, అంటే బ్యాగును వీపు వెనుక నిలబెట్టే గట్టి చట్రానికి, ఎలా కట్టాలో చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి వీపు పొడవు కొలిచి బ్యాగు సర్దుకున్నవాళ్లు చాలామంది ఇంచుమించు ఒకే మాట అంటున్నారు: "పది, పన్నెండు కిలోల దాకా హాయిగానే ఉంది. ముప్పై పెట్టి నాలుగడుగులు వేయగానే భుజాలు పీకేస్తున్నాయి, బ్యాగు నడుము బెల్టు కిందికి జారిపోతోంది." కొందరైతే బ్యాగునే తప్పుపట్టి అమ్మేద్దామనే ఆలోచనలో ఉన్నారు. ఆగండి. బ్యాగు బాగానే ఉంది. కొలత దగ్గరే తేడా వచ్చింది.

మెడ వంచితే పొడుచుకొచ్చే వెన్నుపూస నుంచి తుంటి ఎముక పై అంచుకు సమానమైన ఎత్తు దాకా కొలవమన్నాను. పై కొసలో ఎవరూ తడబడలేదు. కింది కొసలోనే చాలామంది ప్యాంటు బెల్టు దాకా కొలిచేశారు. ఈ కాలపు ప్యాంట్లు తుంటి ఎముక పై అంచు కంటే నాలుగైదు సెంటీమీటర్లు కింద, కొన్ని ఇంకా కింద నిలుస్తాయి. అంటే మీ వీపు 46 సెంటీమీటర్లయితే మీ చేతికి 51 వచ్చింది. ఆ 51కే ఫ్రేము సర్దేశారు.

అసలు అంచు ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. నిలబడి, చొక్కా పైకెత్తి, పక్కటెముకల కింద మెత్తగా ఉన్న చోట చూపుడువేలి అంచుతో లోపలికి నొక్కండి. నొక్కు వదలకుండా కిందికి జరపండి. వేలికి గట్టిగా తగిలి ఆపే మొదటి ఎముకే మనకు కావలసిన అంచు. రెండు పక్కలా చూసుకుని, బొటనవేళ్లు వెనక్కి తిప్పి ఆ ఎముక మీద చేతులు ఆనిస్తే బొటనవేళ్ల మధ్య వెన్ను మీద ఊహించుకునే గీత దాకా కొలవాలి. కొంచెం ఒళ్లున్నవాళ్లు ఇంకాస్త గట్టిగా నొక్కాలి, అంతే. ప్యాంటును, బొడ్డును గుర్తుగా పెట్టుకోకండి. బొడ్డు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. ఎత్తును బట్టి వీపు పొడవు ఊహించుకోవడం కూడా వద్దు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి వీపు పొడవు ఉండొచ్చు.

ఆ ఐదు సెంటీమీటర్ల తేడా రెండు రకాలుగా దెబ్బకొడుతుంది. బెల్టును సరైన ఎముక మీదే పెట్టుకున్నారనుకోండి, భుజం పట్టీలు కుట్టిన చోటు భుజానికి బాగా పైన నిలుస్తుంది. పట్టీ భుజం వెనుక భాగాన్ని తాకనే తాకదు, ముందువైపు మాత్రం కోస్తుంది. బ్యాగు వీపుకు అంటుకోకుండా వెనక్కి వాలుతుంది. అలా కాకుండా కొలిచిన చోటే, ప్యాంటు గీత మీదే బెల్టు కట్టుకున్నారనుకోండి, అద్దంలో భుజాల దగ్గర అంతా చక్కగా కనిపిస్తుంది. కానీ అక్కడ బెల్టును ఆపే అంచు లేదు. తుంటి పక్కల నునుపైన వంపు మీద ముప్పై కిలోలు నిలవమంటే నిలవవు. బెల్టు జారుతుంది, ఫ్రేము దాంతోపాటు దిగుతుంది, బరువంతా భుజాలకు వేలాడుతుంది. పన్నెండు కిలోలకు ఇది బయటపడదు. బెల్టు బిగింపు, బట్టల రాపిడి కలిసి ఆపాటి బరువును ఎలాగోలా ఆపేస్తాయి.

బెల్టు కుషన్ వెడల్పులో నడిమి గీత ఆ ఎముక అంచు మీదకు రావాలి. అప్పుడు కుషన్ పైసగం మెత్తటి నడుము మీదికి కొంచెం వంగుతుంది, కింది సగం తుంటికి ఆనుతుంది. ఎముకను పైనుంచి, పక్కనుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. బరువు మోసేటప్పుడు కుషన్‌లోని ఫోమ్ నలుగుతుంది, కాబట్టి మొదటి పది నిమిషాల్లో బెల్టు ఒక వేలెడు, అంటే వేలి వెడల్పంత, దిగుతుంది. ఇది మామూలే. అందుకే నేను కట్టేటప్పుడే వేలెడు పైన కట్టి, ఫోమ్ కుదురుకున్నాక ఆగి మళ్లీ బిగిస్తాను. వేలెడు దిగి ఆగితే సరే. పది నిమిషాలకోసారి వేలెడు చొప్పున దిగుతూనే ఉంటే సరిపోనట్టే.

జారడానికి ఇంకో కారణం బెల్టు సైజు. బిగించాక ముందు రెండు కుషన్ల కొసలు ఒకదానికొకటి తగిలితే ఆ బెల్టు మీకు పెద్దది. ఇక బిగించడానికి దారి లేదు. మధ్యలో బకిల్ కాక కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. బరువైన వేటకు రోజుల తరబడి వెళ్లేవాళ్లు సన్నబడతారు కూడా, కాబట్టి సందు ఇంకాస్త ఎక్కువున్నా మంచిదే. మరీ ఎక్కువైతే మాత్రం కుషన్ తుంటి ముందువైపు పొడుచుకొచ్చే ఎముకల దాకా రాదు. ఉత్త నైలాన్ పట్టీ ఆ ఎముకల మీద ఒరుసుకుంటుంది. అక్కడే తొడ బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి కిందికి దిగుతుంది. నడుస్తుంటే తొడ పక్కన తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు అనిపిస్తే ఆ నరం నలుగుతోందని అనుమానించాలి. అలా ఉంటే బెల్టు వదులు చేసి, కొంచెం పైకి జరిపి కట్టాలి. ఓర్చుకుని నడిచేస్తే పోతుందిలే అనుకోవద్దు.

బెల్టు కింద ఏముందో కూడా చూసుకోండి. ఒకాయన ఫ్రేము రెండుసార్లు మార్చాక వచ్చి తుంటి మీద కమిలిన మచ్చ చూపించాడు. పొడవు, వెడల్పు చూస్తే సరిగ్గా ఫోన్ సైజు. ప్యాంటు జేబులోంచి ఫోన్ తీసేశాక ఆ ఇబ్బంది పోయింది. ఫోన్, కత్తి ఒర, జాకెట్ అంచు మడత, లోపల దూర్చిన చొక్కా ముడతలు, అన్నిటికంటే ముఖ్యంగా ప్యాంటు బెల్టు. తోలు బెల్టు మీద ఇంకో బెల్టు కట్టి, పైన ముప్పై కిలోలు పెడితే ఎముక మీద చర్మం లేచిపోతుంది. నేను వేట ప్యాంటుకు బెల్టు పెట్టను, భుజాల మీంచి వచ్చే సస్పెండర్లు వేసుకుంటాను. చూడ్డానికి ఎలా ఉన్నా నాకు అవే కావాలి.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. భుజాలు నొప్పెట్టగానే ప్రతివాళ్ల చెయ్యీ పోయేది ఒక్కచోటికే: లోడ్ లిఫ్టర్ పట్టీలు. భుజం పట్టీ మీద, కాలర్ ఎముక దగ్గర మొదలై వెనక్కి, పైకి వెళ్లి ఫ్రేము పై కొసకు కలిసే ఆ చిన్న పట్టీలు. పేరులోనే లిఫ్ట్ ఉంది కదా, లాగితే బరువు లేస్తుందనుకుని లాగుతారు. నొప్పి తగ్గదు, ఇంకా లాగుతారు. చివరికి ఫ్రేము పై కొస తల వెనక్కి వచ్చి తగులుతుంది, తలెత్తి కొండవైపు చూడలేరు, భుజం ముందు భాగం కోసుకుపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఆ పట్టీ నిజంగా చేసే పని ఏమిటో చూడండి. అది భుజం పట్టీని పట్టుకుని ఫ్రేము పై కొసవైపు లాగుతుంది. ఫ్రేము పై కొస భుజం కంటే బాగా పైన ఉంటే ఆ లాగుడులో చాలా భాగం పైకే పోతుంది, భుజం మీది ఒత్తిడి తగ్గుతుంది. పై కొస ఇంచుమించు భుజం ఎత్తులోనే ఉంటే లాగుడంతా వెనక్కే. లెక్క వేస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. పట్టీని పది కిలోల బలంతో బిగించారనుకుందాం. నేలకు సమాంతరమైన గీత నుంచి ఆ పట్టీ 45 డిగ్రీల కోణంలో పైకి పోతుంటే పైకెత్తే బలం ఏడు కిలోలు. 30 డిగ్రీలకు ఐదు. 10 డిగ్రీలకు రెండు కిలోలు కూడా లేదు, మిగతాదంతా మీ భుజాన్ని వెనక్కి గుంజుతుంది. పది డిగ్రీల దగ్గర దాన్ని రెట్టింపు బిగించినా పైకి వచ్చేది మూడున్నర కిలోలే, వెనక్కి గుంజేది మాత్రం ఇరవైకి దగ్గర. అందుకే ఎంత లాగితే అంత నొప్పి.

కాబట్టి చెయ్యి వేసేముందు కోణం చూడాలి. బరువు పెట్టుకుని, బెల్టు కట్టుకుని, పక్కనుంచి ఎవరితోనైనా ఒక ఫొటో తీయించుకోండి. అద్దంలో చూడాలని మెడ తిప్పితే భుజం కదిలిపోతుంది. ఫొటోలో ఆ పట్టీ 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి, 45 చుట్టుపక్కల ఉంటే హాయి. పడుకున్నట్టు సమాంతరంగా ఉంటే ఫ్రేము మీకు పొట్టిది, లేదా బెల్టు జారి ఫ్రేము దిగింది. ముందు రెండోదే అనుమానించండి, ఎందుకంటే అది ఊరికే సరిదిద్దుకోవచ్చు. బెల్టు నిజంగా ఎముక మీదే ఉండి కూడా పట్టీ పడుకునే ఉంటే అప్పుడు ఫ్రేము సంగతి చూడాలి. కొన్ని కంపెనీల వేట ఫ్రేములు 24, 26 అంగుళాల ఎత్తుల్లో వస్తాయి. కొన్నిటికి పైన తగిలించుకునే పొడిగింపు ముక్కలు ఉంటాయి. వీపు పొడవైనవాళ్లు 24 అంగుళాల ఫ్రేముతో కుస్తీ పట్టడం అనవసరం. అటూ ఇటూగా ఉంటే నేను పొడవు ఫ్రేమునే ఎంచుకుంటాను. చెట్ల కొమ్మలకు కాస్త ఎక్కువ తగులుతుంది, తగలనీయండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఎక్కువమంది పడేది ఇక్కడే. లిఫ్టర్ భుజం మీంచి తీసిన బరువు గాలిలో కలిసిపోదు. అది ఫ్రేము మీదికి, ఫ్రేము నుంచి బెల్టు మీదికి, బెల్టు నుంచి తుంటి ఎముక మీదికి దిగాలి. బెల్టు జారుతూ ఉంటే ఫ్రేముకు కింద ఆధారమే లేదు. మీరు పైన పట్టీ లాగుతుంటారు, ఆ పట్టీ తగిలించిన కొసే కిందికి దిగిపోతుంటుంది. బెల్టు నిలవకుండా లిఫ్టర్లు బిగించడం నేల విడిచి సాము చేయడమే.

ఇది మీ దగ్గర జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. బరువు మోస్తూ నిలబడి, లిఫ్టర్లను పూర్తిగా వదిలేయండి. ఆ తర్వాత భుజం పట్టీలను కూడా రెండంగుళాలు వదులు చేయండి. బ్యాగు వెనక్కి కొంచెం వాలాలి, కానీ కిందికి దిగకూడదు. బరువు తుంటి మీదే కూర్చుని ఉంటే బెల్టు తన పని చేస్తున్నట్టు. దిగితే లిఫ్టర్ల జోలికి ఇక ఆ రోజుకు పోకండి, బెల్టు దగ్గరికే రండి. బెల్టు నిలిచాక మళ్లీ భుజం పట్టీలు వీపుకు బ్యాగు ఆనేదాకా, ఆ తర్వాత లిఫ్టర్లు. వాటికి రెండు వేళ్ల బలం చాలు. భుజం పైభాగంలో పట్టీ ఒత్తిడి సడలిందనిపించగానే ఆపేయాలి. భారీ బరువుకు భుజానికీ పట్టీకీ మధ్య వేలు దూరేంత సందు ఉంటే నాకు నచ్చుతుంది, కొందరికి తాకుతూ ఉంటేనే ధైర్యం. ఏటవాలు దిగేటప్పుడు బ్యాగు ఊగకుండా ఇంకొంచెం బిగిస్తాను, చదునుకు రాగానే వదిలేస్తాను.

ఛాతీ పట్టీ భుజం పట్టీలు పక్కలకు జారకుండా చూడ్డానికే. కాలర్ ఎముకకు రెండు మూడు వేళ్ల కింద, ఊపిరికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

అభ్యాసం. వారానికి సరిపడా పని ఇది, ఒక్కరోజులో లాగించేయాలని చూడకండి. వెన్ను, మోకాలి సమస్యలున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఒంటికి అతుక్కునే బనియను వేసుకుని, తుంటి ఎముక అంచు తగిలిన చోట రెండు పక్కలా బనియను మీద టేపు ముక్క అడ్డంగా అంటించండి. ఇరవై కిలోల ఇసుకను గట్టి సంచిలో కట్టి, ఫ్రేముకూ బ్యాగుకూ మధ్య, భుజాల నడుమ ఎత్తులో, వీపుకు వీలైనంత దగ్గరగా బిగించండి. అడుగున పెడితే ఈ అభ్యాసం దండగ. బెల్టు నడిమి గీత టేపు కంటే వేలెడు పైకి వచ్చేలా కట్టుకుని మెట్లు ఎక్కి దిగండి. పది నిమిషాలకోసారి ఆగి, టేపును బట్టి చూసి, బెల్టు గీత కట్టినచోటి నుంచి ఎన్ని వేళ్లు దిగిందో కాగితం మీద రాయండి. నలభై నిమిషాలు. ఆ మధ్యలో లిఫ్టర్లను ముట్టుకోకూడదు, ఎంత చెయ్యి దురదపెట్టినా సరే.

మర్నాడు విశ్రాంతి. ఆ తర్వాతి రోజు ఒకే ఒక్క మార్పు చేసి మళ్లీ అదే ఇరవై కిలోలు: వీపు పొడవు సర్దుబాటు ఒక మెట్టు తగ్గించడమో, బెల్టు కింద బట్టలు మార్చడమో. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు. మొదటి వేలెడు తర్వాత బెల్టు దిగడం ఆగిందని కాగితం చెబితేనే ముప్పైకి వెళ్లండి. ఆ ముప్పై కిలోల రోజున, బెల్టు కుదురుకున్నాక మాత్రమే లిఫ్టర్లు బిగించి పక్కనుంచి ఫొటో తీయించుకోండి. కాగితం, ఫొటో రెండూ దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో మూట కట్టు మారిస్తే ఈ అంకెలు ఎటు కదులుతాయో వాటితోనే పోల్చి చూస్తాం.