గుణుపూర్‌లో ఉంటూ సింగపూర్ పోలీసు సర్టిఫికెట్: నా అనుభవం

కెనడాలో శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతిలో దరఖాస్తు చేసేవారు, 18 ఏళ్లు నిండాక, గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు, అంతకు మించి నివసించిన ప్రతి దేశం నుంచీ (కెనడా మినహా) పోలీసు సర్టిఫికెట్, అంటే నేరచరిత్ర వివరాల పత్రం, సమర్పించాలి. ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్‌కు తిరిగి వచ్చాక, నా సింగపూర్ సర్టిఫికెట్‌కు వేలిముద్రలే అడ్డమయ్యాయి. మసకగా ఉన్నాయని అవి వెనక్కి వచ్చాయి. ఏజెంటు, నోటరీ, స్టాంపు ప్యాడు, ఏదీ అక్కరకు రాలేదు.

చివరకు జిల్లా ఎస్పీ కార్యాలయానికి ఒడియాలో అర్జీ రాసి, పాస్‌పోర్టు నకలు, వేలిముద్రల ఫారంతో వచ్చిన సూచనల ప్రతి జతచేసి, వేలిముద్రల పని తెలిసిన సిబ్బందినే కోరాను. వారు నా చేతులు సబ్బుతో కడిగించి, తడి పూర్తిగా ఆరాక, నల్లసిరాను గాజుపలకపై రోలర్‌తో పల్చగా పరిచి, ఒక్కో వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, అదిమిపెట్టకుండా, ఒకే ఊపున దొర్లించారు. సిరా చిక్కనైతే గీతల మధ్య సందులు పూడిపోతాయట. అసలు కిటుకు అదే. అధికారి పేరు, హోదా, సంతకం, ముద్ర ఫారంపై పడ్డాకే అక్కడి నుంచి కదిలాను. ఈసారి ఆమోదం లభించింది.

కొరాపుట్‌లోనో గజపతిలోనో ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. గల్ఫ్ దేశాల పద్ధతులు కూడా వేరు. అయితే మీరు గతంలో ఉన్న దేశాన్ని విడిచాక జారీ అయిన సర్టిఫికెట్‌కు, దరఖాస్తుకు ముందు 6 నెలల్లోపు జారీ కావాలన్న గడువు వర్తించదు కనుక, ఆ దేశం ముందుగా ఇచ్చే పక్షంలో, దరఖాస్తు చేయమని కెనడా నుంచి ఆహ్వానం వచ్చేదాకా ఆగకుండా తెప్పించుకోండి.