కుంగే పై అంతస్తు, వంకరపోయే పట్టాలు: మోడల్ రైల్వే బేస్‌బోర్డు సమస్యలు - పరిష్కారాలు

మోడల్ రైలు తిరిగే లేఅవుట్ ఒకే అంతస్తు అయితే దాని అడుగు పలక, అంటే బేస్‌బోర్డు, ఎంత బరువున్నా కాళ్లు మోస్తాయి, ఎంత మందమున్నా కంటికి అడ్డం రాదు. దాని మీద ఇంకో అంతస్తు వేయగానే లెక్క మారిపోతుంది. పై పలక మందం పెరిగిన ప్రతి మిల్లీమీటరూ కింది దృశ్యాన్ని మూస్తుంది, బరువంతా గోడకు బిగించిన బ్రాకెట్ల మీద పడుతుంది. అందుకే రెండు మూడు అంతస్తుల లేఅవుట్లలో ఏ తేడా వచ్చినా అందరూ ముందు పలకనే తప్పుపడతారు. నేను చూసినంతలో సగానికి పైగా తప్పు పలకది కాదు. దాని కింద ఆధారాల మధ్య దూరానిది, లేదా తేమది. పలక ఊడదీసే ముందు ఆ రెండూ చూడండి.

ఆపిన బోగీలు వాటంతటవే జారిపోతున్నాయి

పై అంతస్తు ఎక్కడో కుంగింది. ఎక్కడన్నది తేల్చడానికి పలక అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి కట్టండి. రెండు ఆధారాల నడుమ పలక దారాన్ని కిందికి నొక్కుతుంటే పలకే వంగిందని అర్థం. పలక తిన్నగానే ఉండి, గోడ నుంచి ముందు అంచు వైపు పెట్టిన రసమట్టంలో బుడగ గోడ వైపుకు పోతుంటే బ్రాకెట్లు వంగాయి. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

పలక వంగిన చోట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బరువు సమానంగా పరుచుకున్న పలకకు ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే కుంగుదల పదహారు రెట్లవుతుంది. మందం సగమైతే ఎనిమిది రెట్లవుతుంది. అంటే 600 మి.మీ. ఎడంగా ఉన్న ఆధారాల నడుమ మరో రీపరు చేర్చి 300కు తెస్తే, 12 మి.మీ. పలక తీసేసి 18 మి.మీ.ది వేసినా రానంత బలం వస్తుంది. పైగా పలక మందం పెరగదు.

ఇక పలక బరువు. 2440 × 1220 మి.మీ. షీటు 12 మి.మీ. మందంలో ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) అయితే సుమారు 26 కిలోలు తూగుతుంది, ప్లైవుడ్ దాదాపు 20. అదే కొలతలో 50 మి.మీ. మందపు గట్టి ఫోమ్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఐదు కిలోల లోపే. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డులకు ఇంకో గుణం ఉంది: నెలల తరబడి బరువు మోస్తే మెల్లగా సాగి వంగిపోతాయి, బరువు తీసినా పూర్తిగా వెనక్కి రావు. కాబట్టి వాటిని పై అంతస్తుకు వాడొద్దనే నా మాట. ఇప్పటికే వాడి ఉంటే, అడుగున పోటు పెట్టి పలకను మట్టానికి లేపండి. 9 మి.మీ. ప్లైవుడ్‌ను 60 మి.మీ. వెడల్పు బద్దలుగా కోసి, నిలువుగా నిలబెట్టి, 300 నుంచి 400 మి.మీ.కు ఒకటి చొప్పున జిగురు, స్క్రూలతో బిగించండి. పడుకోబెట్టిన బద్ద ఏమీ మోయదు. నిలబెట్టిందే మోస్తుంది.

ముందు అంచు వాలిపోతే బ్రాకెట్ పొట్టిగా ఉందేమో చూడండి. బ్రాకెట్ కొస దాదాపు ముందు అంచు దాకా రావాలి. అంచు పొడవునా 100 మి.మీ. ఎత్తు ప్లైవుడ్ పట్టీని నిలువుగా అతికిస్తే అది దూలంలా పనిచేసి, బ్రాకెట్ల నడుమ అలలా కుంగడాన్ని ఆపుతుంది. కింది అంతస్తుకు వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు కూడా దాని వెనక దాగుతాయి.

నిన్నటిదాకా తిన్నగా ఉన్న ట్రాక్ ఇవాళ పాములా మెలికపడింది

ఎండకు పట్టాలు సాగాయని అనుకోవడం సహజం. కొంత నిజమే: నికెల్ సిల్వర్ పట్టా పది మీటర్ల పొడవున, వేడి 20 డిగ్రీలు పెరిగితే మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. చాలాసార్లు అసలు కారణం మాత్రం అడుగునున్న చెక్క. గాలిలో తేమ తగ్గితే చెక్క ముడుచుకుంటుంది, పైనున్న పట్టా ముడుచుకోదు. ఇక అది పక్కకో పైకో లేవాల్సిందే. రెంటినీ వేరుచేయడం తేలికే. గది వేడెక్కిన గంటల్లో మెలికపడి, చల్లబడగానే సర్దుకుంటే పట్టాది. చల్లని పొడి వాతావరణంలో కూడా పట్టాల నడుమ సందులు మూసుకుని ఉంటే చెక్కది.

చెక్కది అయితే తేమ లోపలికి వెళ్లే దారులన్నీ మూయాలి. వార్నిష్‌గానీ ప్రైమర్‌గానీ పైన, అడుగున, కోసిన అంచులకు, వైర్ల కోసం వేసిన బెజ్జాలకు కూడా పట్టించాలి. ఒక్క పై వైపే పూస్తే రెండు వైపులా తేమ సమానంగా మారక పలక గిన్నెలా వంగుతుంది. ఎండీఎఫ్ అంచులు నీటిని పీల్చే తీరు చూస్తే భయమేస్తుంది, వాటికి రెండు పూతలు తప్పవు. ఆ తర్వాత పట్టా ముక్కలను కలిపే జాయినర్లన్నిటికీ సోల్డర్ వేయకుండా కొన్ని వదిలేసి, అక్కడ సన్నని సందు ఉంచి, ప్రతి పట్టా ముక్కకూ విడిగా వైరు ఇవ్వండి.

హెలిక్స్‌లో ఎత్తయిన బోగీలు పైకి తగులుతున్నాయి

హెలిక్స్ అంటే రైలును చుట్లు తిప్పుతూ పై అంతస్తుకు ఎక్కించే దారి. లెక్క వేసి చూస్తే కారణం ఇట్టే బయటపడుతుంది. హెచ్‌ఓ స్కేలులో (అసలు రైలులో 87వ వంతు) 600 మి.మీ. వ్యాసార్ధం, 2.5 శాతం ఎక్కుడు (వంద మి.మీ. దూరానికి రెండున్నర మి.మీ. ఎత్తు) అనుకోండి. ఒక చుట్టుకు 94 మి.మీ. ఎత్తు వస్తుంది. అందులో 12 మి.మీ. ప్లైవుడ్, 3 మి.మీ. కార్క్, సుమారు 5 మి.మీ. ట్రాక్ పోగా మిగిలేది 74. అమెరికాలో రెండంతస్తుల కంటైనర్ రైలు అసలు ఎత్తు 6.17 మీటర్లు, హెచ్‌ఓలో దాదాపు 71 మి.మీ. మూడు మిల్లీమీటర్ల ఊపిరి! పలక ఇసుమంత కుంగినా తగులుతుంది.

ఎక్కుడు పెంచితే ఇంజిన్ లాగలేక మొరాయిస్తుంది. అందుకే మందం తగ్గించాలి. 9 మి.మీ. ప్లైవుడ్ వేసి చుట్టుకు ఎనిమిది ఆధారాలు పెడితే మూడు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. 6 మి.మీ. వేస్తే ఆరు కలిసొస్తాయి, కానీ అప్పుడు పన్నెండు ఆధారాలు కావాలి. మరలున్న కడ్డీలు నిలబెట్టి, నట్ల మీద పలకను కూర్చోబెడితే ప్రతి చోటా ఎత్తు విడిగా సరిచేసుకోవచ్చు. చెక్క దిమ్మెలతో ఆ వీలుండదు. ఈ ఒక్క పనికి ప్లైవుడ్ తప్ప ఇంకేదీ నేను నమ్మను.

రైలు కదిలితే బేస్‌బోర్డు డప్పులా మోగుతోంది

పలక, దాని కింద ఖాళీ పెట్టె. ఇంకేం కావాలి మోగడానికి? ట్రాక్ కింద కార్క్ వేశాక సద్దు తగ్గి, కంకర పోసి తెల్ల జిగురుతో గట్టిపరచగానే మళ్లీ మొదలైందా? గిడసబారిన కంకర పట్టాలను నేరుగా పలకకు కలిపేసింది. కార్క్ ఉండీ లేనట్టే. ఎండాక కూడా రబ్బరులా ఉండే లేటెక్స్ జిగురు వాడండి, కంకర కార్క్ అంచు దాటి పలక మీదికి రాకుండా చూడండి.

ఫోమ్ కరిగింది, స్క్రూ నిలవడం లేదు

ద్రావకాలున్న జిగురు, స్ప్రే పెయింట్ పాలీస్టైరీన్‌ను తినేస్తాయి. ఫోమ్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి. తెల్ల జిగురు కరిగించదుగానీ, రెండు ఫోమ్ పలకల మధ్య గాలి ఆడక రోజుల తరబడి ఆరదు. స్క్రూలకు ఫోమ్‌లో పట్టు ఉండదు కాబట్టి రైలును ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింట్ మోటారు వచ్చే చోట అడుగున చిన్న ప్లైవుడ్ ముక్క అతికించి దానికి బిగించండి. ఎల్‌ఈడీ పట్టీని మాత్రం ఎప్పుడూ ఫోమ్‌కు నేరుగా అంటించకండి. పాలీస్టైరీన్ మండే పదార్థం. ముందు అల్యూమినియం పట్టీ వేసి, దాని మీద లైట్లు అంటించండి.