స్టెంట్ మార్పు చార్టులో ముందు దారి చూడండి

మాదాపూర్‌లో అమెరికా యూరాలజీ (మూత్ర వ్యవస్థ వైద్యం) చార్టులు చదివి బిల్లింగ్ కోసం కోడ్ చేస్తుంటాను. యురేటరల్ స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో పెట్టే సన్నని గొట్టం) మార్పు వచ్చిన ప్రతిసారీ పుస్తకం తిరగేయడానికే బోలెడు సమయం పోయేది. ఆపరేషన్ నోట్ శీర్షికలో ‘స్టెంట్ ఎక్స్ఛేంజ్’ అన్న ఒక్క మాటే ఉంటుంది, సీపీటీ కోడ్లు (అమెరికాలో వైద్య ప్రక్రియలకు వాడే బిల్లింగ్ అంకెలు) మాత్రం నాలుగైదు.

ఇప్పుడు శీర్షికను పక్కన పెట్టి, ఆపరేషన్ నోట్ మధ్యలో ఒక్క విషయం వెతుకుతున్నాను: వైద్యుడు ఏ దారిన లోపలికి వెళ్లారు? జవాబులను చిన్న అట్టముక్క మీద రాసి మానిటర్ కింద అంటించాను. సిస్టోస్కోపుతో (మూత్రాశయం లోపల చూసే గొట్టం లాంటి పరికరం) మారిస్తే 52332. మూత్రద్వారం గుండానే, కానీ సిస్టోస్కోపు లేకుండా అయితే 50385. నడుము వెనుక చర్మం గుండా, కిడ్నీ మీదుగా అయితే 50382. ఇలియల్ కాండ్యూట్ (మూత్రం బయటికి పోవడానికి పేగు ముక్కతో చేసిన దారి) ద్వారా బయటికి అందే స్టెంట్ అయితే 50688. వీటిలో 50382, 50385 లలో ఇమేజింగ్ పర్యవేక్షణ (ఎక్స్‌రే వంటి చిత్రాలు చూస్తూ చేసే పని) కలిసే ఉంటుంది, దానికి విడిగా కోడ్ వేయకండి. ఇది తొందరలో ఎవరైనా మరిచిపోయే విషయం, అందుకే అట్ట మీద ఎర్ర సిరాతో రాశాను. ఆ తర్వాత చూడాల్సింది ఏ వైపు అన్నది: 52332 ఒక వైపుకే వర్తిస్తుంది, రెండు వైపులా మారిస్తే మాడిఫైయర్ 50 (రెండు వైపులా చేశారని తెలిపే, కోడ్ పక్కన వేసే అంకె) చేర్చాలి.

పాతది తీసి కొత్తది పెట్టకుండా వదిలేసిన చోట మాత్రం ఈ అట్ట పనికిరాదు. సిస్టోస్కోపుతో తీయడమొక్కటే జరిగితే 52310, తొలగింపు క్లిష్టమైతే 52315. కాబట్టి కొత్త స్టెంట్ లోపల ఉంచినట్టు నోట్‌లో స్పష్టంగా కనిపించాకే మార్పు కోడ్ వేయండి.