వైడ్‌బ్యాండ్ అరేలో గ్రేటింగ్ లోబ్: నాకు పనిచేసిన అమరిక

2 నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా పనిచేయాల్సిన 64 ఎలిమెంట్ల (చిన్న యాంటెన్నాల) ప్లేనార్ అరే, అంటే ఒకే తలం మీద పేర్చిన యాంటెన్నాల గుంపు. ఎలిమెంట్ సైజు వల్ల 7.5 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా పెట్టలేం. అది 2 దగ్గర అర తరంగదైర్ఘ్యం, 6 దగ్గర ఒకటిన్నర. దాంతో బీమ్ నిటారుగా ఉన్నా 42 డిగ్రీల దగ్గర గ్రేటింగ్ లోబ్ (అసలు బీమ్ అంత బలంగా వేరే దిక్కున వచ్చే నకిలీ బీమ్) లేచేది. టేపరింగ్ (అంచు ఎలిమెంట్లకి పవర్ తగ్గించడం), త్రిభుజాల గ్రిడ్, రాండమ్‌గా జరపడం... ఏదీ కుదరలేదు.

కుదిరింది పొద్దుతిరుగుడు గింజల అమరిక. ఎన్‌వ ఎలిమెంట్ కోణం ఎన్ × 137.508 డిగ్రీలు, కేంద్రం నుంచి దూరం సి × √ఎన్. ముందు సి = 1 పెట్టి అన్ని జతల దూరాలూ లెక్కేశాను. వాటిలో అతి తక్కువది 7.5 సెంటీమీటర్లు అయ్యేదాకా సి పెంచాను. అసలు కిటుకు ఆ తర్వాతే. అరే ఫ్యాక్టర్‌ని (ఎలిమెంట్ల స్థానాల వల్ల మాత్రమే వచ్చే బీమ్ ఆకారాన్ని) 6 దగ్గర మాత్రమే వేసి, సైన్ స్పేస్‌లో (కోణం బదులు దాని సైన్ విలువతో గీసే బొమ్మలో) 1తో ఆగకుండా 1 + సైన్ (స్కాన్ కోణం) దాకా చూశాను. స్కాన్ కోణం అంటే బీమ్‌ని పక్కకి వంచే గరిష్ఠ కోణం. 45 డిగ్రీలకైతే 1.71. ఆ వృత్తంలో పెద్ద శిఖరం లేదంటే ఏ స్కాన్‌కీ, ఏ కింది ఫ్రీక్వెన్సీకీ లేనట్టే. అవన్నీ ఆ బొమ్మలో ముక్కలే.

లోబ్ శక్తి ఎక్కడికీ పోలేదు, పరుచుకుందంతే. దూరపు సైడ్ లోబ్‌ల (పక్క దిక్కుల్లో వచ్చే చిన్న బీమ్‌ల) సగటు పవర్ అసలు బీమ్‌లో సుమారు 1/64, అంటే -18 డీబీ. అందరికీ ఇది చాలదు. 16 ఎలిమెంట్లతో ఇంత బాగా వస్తుందని అనుకోను. మ్యూచువల్ కప్లింగ్ (పక్కపక్క ఎలిమెంట్లు ఒకదానిమీద ఒకటి చూపే ప్రభావం) ఈ లెక్కలో లేదు, విడిగా చూసుకోండి.