ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో నడక అయితే అలిపిరి మెట్లు కలిసి ఎక్కేదెట్లా

అయిదు వేళ్లూ ఒకటిగా ఉండవని మాటవరసకి అంటాం గానీ, కొండెక్కేటప్పుడు మాత్రం అయిదుగురూ ఒకే అడుగు వేయాలనుకుంటాం. గొడవంతా అక్కడే. మాది తిరుపతే, ఏడాదికొకసారైనా ఇంటిల్లిపాదీ తిరుమలకి నడిచే పోతాం. అమ్మకి అరవై ఎనిమిది, అక్కకి మోకాళ్ల నొప్పి, మావాడికి పదేళ్లు, బావ రోజూ పొద్దున్నే పరిగెత్తే మనిషి. ఇన్నిసార్లు ఎక్కాక కుదిరిన పద్ధతి చెబుతున్నా.

ముందు దారి సంగతి. రెండో నడకదారి శ్రీవారిమెట్టు అయితే తక్కువ దూరం కదా, 2,388 మెట్లే కదా అని పెద్దవాళ్లని అటు తీసుకుపోవద్దు. రెండు కిలోమీటర్ల చిల్లరలోనే కొండంతా ఎక్కాలి, నిట్టనిలువుగా ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, అయినా మధ్యలో చదునుగా నడిచే చోట్లు చాలా ఉన్నాయి. ఆయాసం వచ్చేవాళ్లకి పొడుగు దారే సుఖం. బ్యాగులు అలిపిరిలోనే టీటీడీ కౌంటర్లో ఇచ్చేయండి, డబ్బులు తీసుకోరు, పైన తెచ్చుకోవచ్చు.

ఇక అసలు విషయం. బావ, మావాడు గబగబా వంద మెట్లెక్కి కూర్చుంటారు. అమ్మ చేరేసరికి వాళ్లు నీళ్లు తాగి, చెమట ఆరి, పది నిమిషాలు సేదతీరి ఉంటారు. అమ్మ కనబడగానే "వచ్చేసింది, పదండి పదండి" అని లేస్తారు. అంటే విశ్రాంతి పెద్దగా అక్కర్లేనివాళ్లకి దొరికింది, కావాల్సిన మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు. తన వల్ల అందరికీ ఆలస్యమవుతోందని ఆమె "నాకేం, పదండి" అనే అంటుంది. ఒకసారి గాలిగోపురం ఇంకో యాభై మెట్లుందనగా కమ్మీ పట్టుకున్న అమ్మ చెయ్యి వణుకుతుంటే చూశాను. అప్పటిదాకా నేనూ అట్లా లేచి నడిచినవాడినే, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో, చివర వచ్చిన మనిషి కూర్చున్నాకే విశ్రాంతి టైం మొదలైనట్టు లెక్క. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషినే ముందు నడవనివ్వండి, మిగతావాళ్లు వెనక. ఈ ఒక్క పనితో సగం టెన్షన్ పోతుంది.

మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకున్నవాళ్లు ఉంటే వాళ్లకి తోడుగా ఒకరిని ఉంచి, పైన ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. వాళ్లని తొందరపెట్టొద్దు.

గాలిగోపురం దాటాక అంతా తారుమారవుతుంది. సగానికి పైగా మెట్లు అక్కడికే అయిపోతాయి, తర్వాత చాలాదూరం చదునే. అప్పుడు అమ్మ కబుర్లు చెప్పుకుంటూ హాయిగా నడుస్తుంది, ముందు ఎగిరెగిరి ఎక్కిన పిల్లోడు జింకల పార్కు దగ్గరకొచ్చేసరికి కాళ్లీడుస్తాడు. కాబట్టి పిలకాయలకి తినేవేవైనా ఉంటే అప్పటిదాకా దాచండి. వాళ్లని పెద్దవాళ్ల కంటే ముందు ఒంటరిగా మాత్రం వదలొద్దు. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఒక పాప చిరుత నోట పడి చనిపోయింది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకి టైం నిబంధనలు పెట్టారు, అవి మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు కనుక్కోండి.

మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిలువు మెట్లు. అన్నమయ్య అంతటివాడు చిన్నప్పుడు ఇక్కడే ఆకలికి సొమ్మసిల్లాడని చెప్పుకుంటారు, మనం కూర్చుంటే తప్పేముంది? పది మెట్లు, ఒక ఆగుడు, మళ్లీ పది.

దిగడం దీనికి పూర్తిగా ఎదురు. ఎక్కేటప్పుడు గుండెకీ ఊపిరికీ పని, దిగేటప్పుడు మోకాళ్లకీ తొడలకీ. మా అక్క నెమ్మదిగా ఎక్కగలదు, దిగడం మాత్రం ఆమె వల్ల కాదు, అందుకే ఆమెతో పాటు అమ్మనీ బస్సెక్కిస్తాం. రోజూ పరిగెత్తే బావ నడిచే దిగుతానంటాడు. దిగనివ్వండి, కానీ మర్నాడు ఆయనకి తొడలు పట్టేస్తాయి, ఆ రోజు ఇంట్లో మెట్లెక్కే పనులు ఆయనకి చెప్పొద్దు.