సీఎంఎస్ భద్రత, 6వ భాగం: అన్‌సీరియలైజ్ ఫంక్షన్‌కు చేరే డేటా ఎవరిది?

వెబ్‌సైట్లు రాసే భాష అయిన పీహెచ్‌పీలో నడుస్తున్న ప్రోగ్రాములోని ఆబ్జెక్ట్‌ను (విలువలను, వాటిపై పనిచేసే కోడ్‌ను కలిపిన మూటను) భద్రపరచడానికి వీలుగా అక్షరాల వరుసగా మార్చడాన్ని సీరియలైజేషన్ అని, ఆ అక్షరాల నుండి ఆబ్జెక్ట్‌ను తిరిగి నిర్మించడాన్ని డీసీరియలైజేషన్ అని అంటారు. పీహెచ్‌పీలో ఈ రెండో పని చేసేదే అన్‌సీరియలైజ్ ఫంక్షన్. వెబ్‌సైట్ల నిర్వహణకు వాడే సీఎంఎస్ (కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం) అయిన వర్డ్‌ప్రెస్ కూడా ప్లగిన్‌ల (అదనపు సౌకర్యాలు చేర్చే కోడ్‌ల) సెట్టింగులను తన డేటాబేస్‌లోని ఆప్షన్స్ టేబుల్‌లో ఎక్కువగా ఇలాగే దాచుకుంటుంది. భద్రపరిచిన అక్షరాలను బయటివారు మార్చగలిగినప్పుడే చిక్కు మొదలవుతుంది.

గద్వాల చీరలు అమ్మే ఒక దుకాణం వెబ్‌సైటును ఊహించండి. కొనేవారు ఎంచుకున్న చీరల జాబితాను దాని ప్లగిన్ సీరియలైజ్ చేసి కుకీలో, అంటే కొనేవారి బ్రౌజర్‌లోనే ఉండే చిన్న డేటాలో, ఉంచి, తరువాతి పేజీలో ఆ కుకీని నేరుగా అన్‌సీరియలైజ్ ఫంక్షన్‌కు అందిస్తున్నదనుకుందాం. ధరలు మారుస్తారేమోనన్న భయం మనకు ముందుగా తోస్తుంది గాని, అంతకు మించిన ప్రమాదం ఇక్కడ ఉంది. కుకీలో ఏ క్లాస్ (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే నమూనా) పేరు రాస్తే ఆ క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్, అది సైటు కోడ్‌లో అందుబాటులో ఉన్నంత మాత్రాన, పంపినవాడు కోరిన విలువలతో తయారవుతుంది. ఆపైన వేకప్, డిస్ట్రక్ట్ అనే మ్యాజిక్ మెథడ్‌లు ఆ క్లాస్‌లో ఉంటే పీహెచ్‌పీ వాటిని తానే నడిపిస్తుంది. పని ముగియగానే తాత్కాలిక ఫైలును తొలగించడానికి రాసుకున్న డిస్ట్రక్ట్ మెథడ్‌కు దాడిచేసేవాడు కాన్ఫిగరేషన్ ఫైలు పేరు అందిస్తే, ఆ ఫైలే పోతుంది. ఇలా మన కోడ్‌లోని ముక్కలనే ఒకదానికొకటి తగిలించి నడిపించే వరుసను గాడ్జెట్ చైన్ అంటారు.

2015 డిసెంబరులో జూమ్లా అనే మరో సీఎంఎస్‌లో బయటపడిన లోపం ప్రత్యేకంగా చదవదగినది. బ్రౌజర్ తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్ పాఠాన్ని జూమ్లా సెషన్‌లో (ఒక్కో సందర్శకుడి గురించి సైటు గుర్తుంచుకునే వివరాలలో) దాచేది. అందులో నాలుగు బైట్ల యూనికోడ్ అక్షరం ఉంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మిగతా పాఠాన్ని అక్కడితో కత్తిరించేది. ఆ కత్తిరింపు వల్ల సెషన్‌ను తిరిగి చదివేటప్పుడు హద్దులు తప్పి, దాడిచేసేవాడి ఆబ్జెక్ట్ ప్రాణం పోసుకునేది. 3.4.6 వెర్షన్‌తో దాన్ని సరిదిద్దారు. వర్డ్‌ప్రెస్ 6.4లో చేరిన ఒక క్లాస్ పైన చెప్పిన గాడ్జెట్ చైన్‌కు ఆధారమైంది. దానికదే దాడికి చాలకపోయినా, ఏదైనా ప్లగిన్‌లో ఆబ్జెక్ట్ ఇంజెక్షన్ లోపం (బయటివారు పంపిన ఆబ్జెక్ట్‌ను తయారు కానిచ్చే లోపం) తోడైతే సర్వర్‌పై కోడ్ నడిపే వీలుండడంతో, 2023 డిసెంబరులో 6.4.2 విడుదల చేశారు.

ఇక నివారణ. బయటినుండి వచ్చే డేటాకు క్లాస్‌ల ఊసు లేకుండా విలువలను మాత్రమే మోసే జేసన్ అనే పాఠ రూపాన్ని వాడండి. పీహెచ్‌పీ 7.0 నుండి ఏ క్లాస్‌లను అనుమతించాలో అన్‌సీరియలైజ్‌కు చెప్పవచ్చు. అయినా నమ్మదగని డేటాను ఈ ఫంక్షన్‌కు ఇవ్వనే వద్దని పీహెచ్‌పీ మాన్యువల్ హెచ్చరిస్తుంది. ప్రమాదకరమైన పదాలను వడగట్టే ఉపాయాన్ని నేను ఎవరికీ సూచించను, ఎందుకంటే అదే ఆబ్జెక్ట్‌ను మరో రూపంలో రాయడానికి దారులుంటాయి.

అభ్యాసం: నల్లగొండలోనో పాలమూరులోనో మీరు నిర్వహిస్తున్న సైటు కాపీని మీ కంప్యూటర్‌లో పెట్టుకుని, ప్లగిన్‌ల ఫోల్డర్‌లో ‘అన్‌సీరియలైజ్’, ‘మేబీ అన్‌సీరియలైజ్’ (అదే పనికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఫంక్షన్) పిలుపులను వెతకండి. ప్రతి పిలుపు వద్ద ఆగి, దానికి అందే విలువ కుకీ, ఫారం, హెడర్, డేటాబేస్‌లలో దేని నుండి వచ్చిందో వెనక్కు నడిచి రాసుకోండి. డేటాబేస్ అని తేలినచోట, అందులోకి ఆ విలువను మొదట ఎవరు రాశారో కూడా వెతకండి.