పాత విద్యార్థుల్ని ఫోన్లో కలిపి బడికి ఆసరా కావాలంటే: ముందు రిజిస్టర్ తెరవండి, క్యూఆర్ కోడ్ చివర్న

వాట్సాప్ గ్రూపు పెట్టడం రెండు నిమిషాల పని. పెట్టిన మూడో రోజే "స్కూలుకి బాత్రూములు కట్టాలి, తలా ఐదు వేలు వేయండి" అని మెసేజ్ కొడితే మాత్రం నాలుగో రోజుకి సగం మంది మ్యూట్‌లో పెట్టేస్తారు. ఉత్తర చెన్నైలో నేను చదివిన తెలుగు మీడియం ఎయిడెడ్ స్కూలు విషయంలో మొదటిసారి అదే జరిగింది. ఒకరి సొంత ఖాతాలోకి డబ్బు వేయించారు, లెక్క అడిగితే "నా మీద నమ్మకం లేదా" అన్నారు, గ్రూపు అక్కడితో ఆగిపోయింది. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, ఆ తర్వాత చాలా ఏళ్ళు స్కూలు పేరెత్తితేనే జనం మాట మార్చేసేవాళ్ళు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి కింది గదులు మునిగాక మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి నిలబడింది. అందుకే ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి పని స్కూలుకి వెళ్ళి హెచ్చెమ్ గారి అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూడటం. మేం వెళ్ళేసరికి తడిసిన రిజిస్టర్లని పై అంతస్తులో బల్లల మీద పరిచి, ఫ్యాను వేసి ఆరబెడుతున్నారు. ఒక్కో కాగితం స్కేలుతో విడదీస్తుంటే తండ్రి వృత్తి అన్న గడిలో వరసగా బిన్నీ మిల్లు, బిన్నీ మిల్లు, హార్బర్, రైల్వే, మళ్ళీ బిన్నీ మిల్లు. పెరంబూరులో ఆ మిల్లు 1996లో మూతపడ్డాక ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో మా వీధి వాళ్ళందరికీ తెలుసు. కొందరు ఆవడి వైపు, కొందరు రెడ్ హిల్స్ వైపు, కొందరు తిరిగి నెల్లూరు, ఒంగోలు వెళ్ళిపోయారు. ఆ ఒక్క గడి చూశాకే మనవాళ్ళని ఎక్కడ వెతకాలో అర్థమైంది. మీ బడికి కూడా ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది, మూతపడిన ఫ్యాక్టరీ, ఖాళీ చేసిన క్వార్టర్సు, అదేంటో పట్టుకోండి.

రిజిస్టర్ పేజీని మాత్రం ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి. అందులో పుట్టినతేదీ, చిరునామా, కులం అన్నీ ఉంటాయి. పేర్లు మాత్రమే టైపు చేసి, "వీళ్ళలో ఎవరి ఆచూకీ తెలుసు?" అని అడగండి. మా వాళ్ళలో ఏ ఫార్వర్డ్‌కీ కదలని వాళ్ళు కూడా ఆ పేర్ల జాబితాకి అర్ధరాత్రి దాకా జవాబులు ఇచ్చారు.

పేర్ల దగ్గర తమిళనాడులో ఒక చిక్కు ఉంది. ఇక్కడ మన ఇంటిపేరు రికార్డుల్లోకి ఎక్కదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. ఒకే బ్యాచ్‌లో కె. లక్ష్మిలు ముగ్గురు ఉంటారు, పెళ్ళయ్యాక ఆ ఇనిషియల్ కూడా భర్త పేరుకి మారిపోతుంది. ఫేస్‌బుక్‌లో ఎంత వెతికినా దొరకరు. అందుకే చాలా గ్రూపుల్లో మగవాళ్ళే ఉంటారు, ఆడపిల్లలు అసలు ఆ బడిలో చదవనే లేదేమో అన్నట్టు ఉంటుంది. ఇది సరిదిద్దడానికి మాకు మూడు నెలలు పట్టింది. 1994 బ్యాచ్ అక్క ఒకావిడ బాధ్యత తీసుకుని, పాత వీధుల్లో ఇంకా ఉంటున్న అమ్మల ద్వారా, అన్నదమ్ముల ద్వారా ఒక్కొక్కరిని పట్టుకుంది. ఆవిడ ఫోన్ చేస్తే "ఎవరే నువ్వు" అని మొదలై గంట మాట్లాడేవాళ్ళు, అదే మాలాంటి మగవాళ్ళం చేస్తే నంబరు ఎవరిచ్చారని అడిగి పెట్టేసేవాళ్ళు. కాబట్టి ప్రతి బ్యాచ్‌కీ ఒక ఆవిడ, ఒకాయన, ఇద్దరు బాధ్యులు ఉండాలి, ఇందులో రాజీ పడకండి.

ఫోన్ నంబర్ల భయం కూడా నిజమైనదే. మామూలు వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. దానికంటే వాట్సాప్‌లోనే ఉండే కమ్యూనిటీ పెట్టడం నయం. అందులో ప్రకటనల గ్రూపు ఒకటి ఉంటుంది, అడ్మిన్లు మాత్రమే రాస్తారు, పరిచయం లేని సభ్యులకి మీ నంబరు కనపడదు. దాని కింద బ్యాచ్‌కొక గ్రూపు. కబుర్లు, పాత ఫోటోలు, పుట్టినరోజులు అక్కడ. రాజకీయం, కులం, హీరోల గొడవలు ఎక్కడా వద్దని మొదటి రోజే రాసి పెట్టండి. చెప్పినా వినకపోతే బాధ్యులు పక్కకు పిలిచి మాట్లాడాలి, అందరి ముందు మందలిస్తే ఆ మనిషితో పాటు ఇంకో పదిమంది పోతారు.

చేర్చుకునేటప్పుడు ఏ సంవత్సరం పదో తరగతి అని అడిగితే పెద్దవాళ్ళు తికమకపడతారు. తమిళనాడులో 1978లో ప్లస్ టూ (పదకొండు, పన్నెండు తరగతులు) వచ్చింది, అంతకుముందు వాళ్ళకి ఎస్సెస్ఎల్సీ, అంటే బడి చివరి పబ్లిక్ పరీక్ష, పదకొండో తరగతిలో ఉండేది. "ఏ ఏడాది ఎస్సెస్ఎల్సీ రాశారు, మీ క్లాస్ టీచర్ ఎవరు, పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు" అని అడగండి. దీనివల్ల బ్యాచ్ తేలుతుంది, బయటివాళ్ళు దూరకుండా కాపలా కూడా అవుతుంది.

ఇదంతా అయ్యాక కూడా ఆరు నెలలు డబ్బు మాట ఎత్తకండి. ఆ ఆరు నెలల్లో రిటైరైన మాస్టార్లతో ఆదివారం వీడియో కాల్ పెట్టండి, పదో తరగతి పిల్లలకి ఎవరైనా నెలకోసారి లెక్కలు చెప్పగలరేమో అడగండి. చేతి సాయం చేసిన మనిషి తర్వాత జేబులో చెయ్యి పెట్టడానికి వెనకాడడు, మా దగ్గర క్రమం తప్పకుండా ఇస్తున్న వాళ్ళలో ఎక్కువమంది ముందు ఇలా పనికి వచ్చినవాళ్ళే.

ఏం కావాలో మీరు ఊహించకండి, బడినే అడగండి. మేం స్మార్ట్ బోర్డు కొందామని ఉత్సాహంగా వెళ్తే హెచ్చెమ్ గారు "బోర్డు తర్వాత చూద్దాం నాయనా, ఆడపిల్లల బాత్రూములు రోజూ కడగడానికి మనిషి కావాలి, ఆ జీతం ఎవరిస్తారు" అన్నారు. ఎయిడెడ్ స్కూళ్ళలో మంజూరైన టీచర్ పోస్టులకి ప్రభుత్వం జీతమిస్తుంది. అంతకుమించి కావలసినవి చాలావరకు మేనేజ్‌మెంట్ నెత్తినే పడతాయి. ఆవిడ అడిగిన రెండోది తమిళం చెప్పడానికి ఇంకో టీచర్. 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ వచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు పబ్లిక్ పరీక్షలో తమిళం పేపరు రాయాలంటే అక్షరాల దగ్గర్నుంచి ఓపిగ్గా నేర్పే మనిషి ఉండాలి. ఈ రెండు అవసరాలే గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాం. నెలకి మూడు వందలు, ఏడాది పాటు, ఎవరి జీతానికి వెళ్తుందో చెప్పి అడిగాం. ఒక్కసారి పదివేలు ఇచ్చే పదిమంది కంటే నెలనెలా ఇచ్చే వందమందే మేలు, ఎందుకంటే జీతం ప్రతి నెలా ఇవ్వాలి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ రాకూడదు, ఒక్క రోజు కోసమైనా సరే. స్కూలు ట్రస్టు ఖాతా వాడండి, లేదా సంఘం రిజిస్టర్ చేయించండి, తమిళనాడులో 1975 చట్టం కింద దానికి కనీసం ఏడుగురు కావాలి. ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించండి, క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే అయ్యుండాలి. పన్ను మినహాయింపు అని చెప్పే ముందు ఆ ట్రస్టుకి దాతలకి మినహాయింపు ఇప్పించే అనుమతి (అందరూ 80జి అనేది) ఉందో లేదో కాగితం చూడండి. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే మినహాయింపు రాదు, బెంచీలు, కంప్యూటర్లు వస్తువుగా ఇచ్చినా రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలు వర్తించదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత మాట పడక్కర్లేదు.

అమెరికా స్నేహితుల విషయంలో ఇంకా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డున్నా సరే, పంపితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) వర్తిస్తుంది, ఆ అనుమతి లేని ట్రస్టు తీసుకోకూడదు. మా క్లాస్‌మేట్ ఒకడు ప్రేమగా పెద్ద మొత్తం పంపుతానంటే వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాం. వాడిప్పుడు శనివారాలు పిల్లలకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాడు.

మీది కార్పొరేషన్ స్కూలో, ప్రభుత్వ పాఠశాలో అయితే ఇంత తతంగం అక్కర్లేదు, తమిళనాడు ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టిన నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి అనే పథకం ద్వారా మీ బడికే ఇవ్వొచ్చు.

ఇక లెక్క. ప్రతి నెలా అయిదో తారీఖున ప్రకటనల గ్రూపులో ఒకే పద్ధతిలో పెడతాం: పోయిన నెల నిల్వ ఇంత, వచ్చింది ఇంత, ఇచ్చినవాళ్ళు ఇంతమంది, జీతాలు ఇంత, ఫినాయిల్, చీపుర్లు ఇంత, మిగిలింది ఇంత. కింద బిల్లుల ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, అందులో ఇచ్చినవాళ్ళ పేర్లు కనపడకుండా చెరిపేసి. ఎవరెంత ఇచ్చారన్నది ఎప్పుడూ బయటపెట్టం, ఇవ్వలేకపోయినవాళ్ళు తలదించుకునే గ్రూపులో ఎవరూ ఉండలేరు. సాయం అందుకున్న పిల్లల ముఖాలు కూడా పెట్టం. కడిగిన బాత్రూము ఫోటో చాలు, దానికే అందరికంటే ఎక్కువ దండాలు వచ్చాయి.

కొత్తగా అడగాలంటే మే నెల మంచిది, జూన్‌లో బడి తెరిచేలోపు పని అయిపోతుంది. కోశాధికారిని రెండేళ్ళకోసారి మార్చండి, పాతాయన ఎంత మంచివాడైనా సరే. మార్చే రోజున పాస్‌బుక్, బిల్లుల ఫైలు, అడ్మిన్ హక్కులు మూడూ కొత్తవాళ్ళ చేతికి ఒకేసారి ఇచ్చి, ఆ సంగతి అయిదో తారీఖు లెక్క కిందే రాసేయండి.